పంతులమ్మ సగంలో ఆపిన కథ

గుండ్లవాగు అడవిలో జింకలు, కుందేళ్లు, అడవిపందులు, నెమళ్లు ఉండేవి. వాటి పిల్లలకు ఒక ముసలి తాబేలు పంతులమ్మ. ఆమె పాఠాలన్నీ కథలే. కథను సగంలో ఆపి, మిగతాది పిల్లల చేతే చెప్పించడం ఆమె అలవాటు.

కొన్నేళ్లుగా వానలు దారి తప్పాయి. ఆ వేసవిలో వాగు పూర్తిగా ఎండిపోయింది. పిల్లలు ఆటలు మానేశాయి.

"ఇంక పాఠాలెందుకు పంతులమ్మా? మేం పెద్దయ్యేదాకా బతుకుతామా?" అని జింకపిల్ల అడిగింది.

ఏం చెప్పినా అబద్ధమవుతుందేమోనని తాబేలు భయపడింది.

అంతలో నెమలి మామ వచ్చాడు. అతని మాటలెప్పుడూ కోటలు దాటుతాయి.

"పిచ్చి పిల్లల్లారా! నేను పురి విప్పితే వాన పరుగెత్తుకొస్తుంది. మీరు హాయిగా పడుకోండి!" అన్నాడు.

పిల్లలు సంబరంగా అతని వెంట వెళ్లాయి. నెమలి మామ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడాడు. ఒక్క చినుకూ రాలలేదు. ఎండిన తుప్పల్లో చిక్కుకుని అతని ఈకలు తెగాయి. చివరికి సొమ్మసిల్లి పడిపోయాడు. పిల్లలు దిగులుగా ఎండిన వాగులో ఉన్న తాబేలు దగ్గరికి తిరిగొచ్చాయి.

"వాన వస్తుందో రాదో నాకు తెలియదర్రా," అంది తాబేలు. "నాకూ భయంగానే ఉంది. రండి, ముందు ఏడవాలనుంటే ఏడుద్దాం."

పిల్లలు ఆమె డిప్పను ఆనుకుని తనివితీరా ఏడ్చాయి. ఆమె కూడా ఏడ్చింది. మనసు కాస్త తేలికపడ్డాక కథ మొదలుపెట్టింది.

"మా అమ్మమ్మ చిన్నప్పుడూ వాగు ఎండిందట. అందరూ దాహంతో ఈ ఇసుకలోనే నిలబడ్డారట. అప్పుడు..." అని ఆపేసింది.

"అప్పుడేమైంది?"

"అది మీరే చెప్పాలి."

పిల్లలు చాలాసేపు ఆలోచించాయి. అడవిపంది పిల్ల ఊరికే ఉండలేక మూతితో ఇసుకను కెలికింది.

"లోపల తడిగా ఉంది పంతులమ్మా! వాళ్లు తవ్వి ఉంటారు!" అని అరిచింది.

ఇక చూడాలి వాటి హడావుడి! ఒకటి తవ్వితే ఒకటి ఇసుక తోసింది. సాయంత్రానికి చెలమలో నీళ్లు ఊరాయి. ఉన్న కాసిని నీళ్లనే వంతులవారీగా తాగాయి.

తెప్పరిల్లి వచ్చిన నెమలి మామ గొంతెండుతున్నా సిగ్గుతో దూరంగా నిలబడ్డాడు. జింకపిల్లే వెళ్లి పిలుచుకొచ్చింది. నీళ్లు తాగాక అతను మెల్లగా అడిగాడు, "రేపు ఇవీ అయిపోతే?"

"ఇంకాస్త లోతుగా తవ్వుదాం. నువ్వూ రా మామా," అంది జింకపిల్ల.

ఆ మాట విని తాబేలు పంతులమ్మ మురిసిపోయింది. వాన కురిసినా అంత సంతోషించేది కాదు.

నీతి: అంతా అదే బాగవుతుందని కూర్చోబెట్టేది ఆశ కాదు. భయపడుతూనైనా పనికి లేపేదే ఆశ.