గుట్ట వెనక ఎనభై గేదెలు

అనగనగా ఒక అడవి. అడవి అన్నాక రాజు ఉండాలి కదా, ఉన్నాడు. పెద్దపులి. ముసలివాడై వేట మానేశాడు. వేళకు ఇంత తినడం, తిన్నాక కడుపు పట్టుకుని కూర్చోవడం, అదీ ఆయన పని. మీరు కాళ్ళు ముడుచుకుని కూర్చోండి, చెబుతాను. మధ్యలో లేచి "పులి నిజంగా మాట్లాడుతుందా" అని అడిగినవాళ్ళకు మాత్రం కథ లేదు.

ఆ అడవిలో ఎర్రగుట్ట అని ఒక గుట్ట. దాని కింద రేచుకుక్కల గుంపు ఒకటి ఉండేది. రేచుకుక్కలంటే అడవికుక్కలు, ఎర్రగా ఉంటాయి. వేటాడే జాతే గానీ, ఈ గుంపు మాత్రం గేదెల్ని మేపేది. మొత్తం నలభై గేదెలు. గుంపుకు పెద్ద గుంపయ్య.

గేదెలకూ కుక్కలకూ మధ్య ఒక పాత మాట ఉంది. చిరుతపులి రాకుండా కుక్కలు కాపలా కాయాలి. గేదెలు పాలివ్వాలి. పళ్ళు అరిగిపోయి గడ్డి నమలలేని రోజున గేదె తానే లేచి వచ్చి, "నా వంతు వచ్చింది నాయనా" అనాలి. అప్పుడు దాన్ని రాజుగారి వంటశాలకు పంపేవారు. పళ్ళున్న గేదె జోలికి ఎవరూ వెళ్ళకూడదు. వినడానికి మనకు కష్టంగానే ఉంటుంది. వాళ్ళకు మాత్రం తాతల నాటి నుంచి అదే న్యాయం.

ఇలా ఉండగా ఒకరోజు రాజుగారికి కడుపునొప్పి ఎక్కువైంది. వైద్యుడు కొండముచ్చు పొట్ట నొక్కి చూశాడు.

"గేదె మాంసం అరగడం లేదు మహారాజా. వారానికి రెండు రోజులు చేపలు తినండి" అన్నాడు.

నీటికుక్కలు మడుగులో చేపలు పట్టి బతికేవి. వాటికి పండగే. గుంపయ్యకు మాత్రం గుండెలో రాయి పడింది. ఇవాళ రెండు రోజులన్నవాడు రేపు నాలుగంటాడు. ఆ తర్వాత రాజుకు మనమెందుకు, మన గేదెలెందుకు అనుకున్నాడు. సభకు వెళ్ళి గట్టిగా మాట్లాడాలని బయలుదేరాడు.

ఆ సభలో ఒక వింత పద్ధతి ఉండేది. ఎవరు ఎన్ని తలల్ని మేపితే వారికి అన్ని మాటలు. నలభై తలలుంటే నలభై మాటలు. ముళ్ళపంది గుమాస్తా పక్కనే కూర్చుని, ఒక్కో మాటకు ఒక్కో గులకరాయి పక్కకు జరిపేవాడు. రాయవలసి వస్తే తన ముల్లే ఒకటి పీక్కుని మోదుగాకు మీద రాసేవాడు. కలం ఖర్చు లేదు.

గుంపయ్య లేచి నిలబడి మొదలుపెట్టాడు.

"మహారాజా, తమరు చల్లగా ఉండాలి. రాణిగారు చల్లగా ఉండాలి. పులికూనలు చల్లగా ఉండాలి. తమ మీసాలు బారెడు. తమ గర్జన పిడుగు. తమ మనసు వెన్న. తమ తాతగారిని మా తాత ఎరుగును. తమ నాన్నగారిని మా నాన్న ఎరుగును. తమ వైద్యులవారు మహా తెలివైనవారు. తమ గుమాస్తాగారి ముళ్ళు మహా అందమైనవి. ఇక మేము..."

"నలభై అయ్యాయి. కూర్చో" అన్నాడు ముళ్ళపంది.

గుంపయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే కూర్చున్నాడు.

తర్వాత నీటికుక్కలు లేచాయి. "మా చేపలు లెక్కకు అందవు మహారాజా" అన్నాయి. లెక్కకు అందనప్పుడు మాటలకు మాత్రం లెక్కేముంది? పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మాట్లాడాయి. రాజుగారు రెండుసార్లు కునికి, మూడోసారి లేచి, ఇక వినలేక, "సరే, సరే, చేపలే తింటాను, కాస్త ఆపండి" అన్నాడు.

గుంపయ్య ఇంటికొచ్చి ఆలోచించాడు. పొగడ్త తగ్గించుకుందామని తోచిందా? తోచలేదు. మాటలు పెంచుకుందామని తోచింది. మాటలు పెరగాలంటే తలలు పెరగాలి.

మర్నాడు సభకు వెళ్ళి, "నా గేదెలు నలభై కాదు. గుట్ట వెనక ఇంకో ఎనభై ఉన్నాయి. మొత్తం నూట ఇరవై" అన్నాడు.

గుమాస్తా నమ్మలేదు. లెక్క చూసి రమ్మని తాబేలును పంపాడు.

తాబేలు వచ్చి రెండు బండల మధ్య సందులో కూర్చుంది. గేదెలు ఒక్కొక్కటే దాని ముందు నుంచి నడిచి వెళ్ళాలి. అన్నిటికంటే ముందు మల్లెపూవు నడిచింది. బొగ్గులాంటి గేదెకు ఆ పేరెవరు పెట్టారో నాకూ తెలియదు. ఎడమ కొమ్ము సగానికి విరిగి ఉంటుంది. గుంపయ్య పిల్లలంతా దాని పాలు తాగి పెరిగినవాళ్ళే. అందుకే గుంపయ్య దాన్ని అత్తా అని పిలిచేవాడు.

నలభై గేదెలూ సందు దాటాయి. దాటినవి దాటినట్టే గుట్ట చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాయి. కుక్కలు వెనక నుంచి అదిలిస్తూనే ఉన్నాయి. రెండోసారి మల్లెపూవును చూసి తాబేలు మెడ బయటికి చాచింది.

"ఈ విరిగిన కొమ్ము గేదె ఇందాక వచ్చినట్టుందే?"

"అది వేరు. ఇది దాని చెల్లెలు" అన్నాడు గుంపయ్య.

మూడోసారి కూడా మల్లెపూవు వచ్చింది, ఆయాసపడుతూ.

"మరి ఇదో?"

"మేనమామ కూతురు. వాళ్ళ వంశంలో అందరికీ ఎడమ కొమ్ము విరిగే పుడుతుంది."

తాబేలు పాపం నమ్మింది. "నూట ఇరవై" అని లెక్క తేల్చి బయలుదేరి, సాయంత్రానికి గానీ సభకు చేరలేదు.

మల్లెపూవు గడ్డిలో కూలబడి, "ఎందుకు నాయనా మమ్మల్ని ఇన్నిసార్లు తిప్పావు?" అని అడిగింది.

"మీ మేలుకే అత్తా. నీకు అర్థం కాదులే" అన్నాడు గుంపయ్య. ఈ మాట ఎవరు ఎవరితో అన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక చూడండి గుంపయ్య వైభవం. నూట ఇరవై మాటలు. మొదటి వంద మాటలు రాజుగారి మీసాలకు, ఆఖరి ఇరవై తన పనికి. మొదటిసారి వెళ్ళి, రాజుగారి వంటశాలలో చేపలు మాన్పించాడు. రెండోసారి వెళ్ళి, మడుగునూ దాని పక్క పచ్చిక బయలునూ తన గేదెలకు రాయించుకున్నాడు. నీటికుక్కలు పిల్లల్ని నోట కరుచుకుని ఎక్కడో దిగువ వాగుకు పోయాయి. మూడోసారి వెళ్ళి, గేదె మాంసం మంచిదని వైద్యుడు రోజూ సభలో చెప్పి తీరాలని ఆజ్ఞ వేయించాడు.

కొండముచ్చు ఏం చేస్తాడు? రోజూ పొద్దున్నే లేచి, "గేదె మాంసం కంటికి మంచిది" అనేవాడు. పక్కన రాజుగారు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుండేవాడు. "మరి ఈ నొప్పేమిటి వైద్యుడా?" అంటే, "గాలి మార్పు మహారాజా" అనేవాడు.

మడుగు గేదెలదై చేపలు పట్టడానికి వీల్లేకపోయేసరికి, చేపలు తినేవాళ్ళంతా రాజుగారి వాకిట్లో చేరారు. ముంగిస వచ్చింది. అడవిపిల్లి వచ్చింది. కొంగ వచ్చింది. దానికి గేదె ఎముక ఒకటి పెడితే, ముక్కుతో పట్టుకుని ఏం చేయాలో తెలియక చెట్టెక్కి కూర్చుంది. అందరికీ ఆకలే.

గుమాస్తా తన ఆకులు తిరగేశాడు. "గుంపయ్యకు నూట ఇరవై గేదెలున్నాయి మహారాజా. ఇంక బెంగెందుకు?" అన్నాడు. వెంటనే ఆజ్ఞ వెళ్ళింది. అమావాస్య నుంచి రోజుకొక గేదె వంటశాలకు రావాలి. రాకపోతే గుంపయ్య తోలు వస్తుంది.

అమావాస్యకు మూడు రోజులుంది. గుంపయ్యకు ముచ్చెమటలు పోశాయి. మందలో పళ్ళు అరిగిన గేదె ఒక్కటంటే ఒక్కటి లేదు. రోజుకొకటి పంపితే నలభై రోజుల్లో గుట్ట కింద దూడ కూడా మిగలదు.

మొదటి రోజు సభకు పరుగెత్తి, "మహారాజా, గుట్ట వెనక ఎనభై గేదెలకూ రోగం వచ్చింది" అన్నాడు.

"రోగమా? అయితే ఈ క్షణం నుంచి అడవిలో గేదె మాంసమే నిషేధం" అంటూ ముళ్ళపంది ముల్లు పీకాడు.

"ఆగండాగండి. తగ్గిపోయింది. ఇందాకే తగ్గింది" అని గుంపయ్య వెనక్కి పరుగెత్తాడు.

రెండో రోజు వెళ్ళి, "ఆ ఎనభై గేదెలూ తప్పిపోయాయి" అన్నాడు.

"రాజుగారి సొమ్ము ఎనభై గేదెల్ని పోగొట్టావా?" అని పులి లేచి నిలబడింది.

"దొరికాయి మహారాజా. దారిలో దొరికాయి" అని మళ్ళీ పరుగు.

మూడో రోజు సభకు వెళ్ళలేదు. తల వంచుకుని మల్లెపూవు దగ్గరికి వెళ్ళాడు. మందలో పెద్దది అదే మరి.

"అత్తా, నీ వంతు వచ్చింది" అన్నాడు. అనేటప్పుడు ముఖం అటు తిప్పుకున్నాడు.

మల్లెపూవు నెమరు ఆపింది. నోరు పెద్దగా తెరిచింది. "చూడు" అంది.

గుంపయ్య చూశాడు. ఒక్క పన్ను కూడా అరగలేదు. వెనక నుంచి దాని దూడ కూడా నోరు తెరిచింది, ఎందుకో తెలియకపోయినా.

"పళ్ళు అన్నీ ఉన్నాయి అత్తా. కానీ రాజాజ్ఞ. రోజుకొకరు వెళ్ళాలి."

"అలాగే వెళదాం నాయనా. గుట్ట వెనక మా చెల్లెలుంది కదా, ముందు దాన్ని పంపు. మా మేనమామ కూతురుంది, దాన్ని పంపు. అక్కడ ఎనభైమంది ఉన్నారన్నావు. వాళ్ళు అయిపోయాక నన్ను పిలు, నేను పక్కనుండే వస్తాను."

అని మళ్ళీ నెమరు మొదలుపెట్టింది. మిగతా గేదెలు కూడా ఒక్కొక్కటే కూర్చున్నాయి. "అవును, ముందు వాళ్ళు" అన్నాయి.

గుంపయ్యకు ఏడుపొచ్చింది. అత్త పాలు తాగిన పిల్లలు అక్కడే గడ్డిలో ఆడుకుంటున్నారు. అబద్ధాన్ని కాపాడాలంటే అత్తను పంపాలి, అత్తను కాపాడాలంటే అబద్ధాన్ని చంపాలి. చివరికి సభకు వెళ్ళి, ఒక్క పొగడ్త కూడా లేకుండా, "నా గేదెలు నలభయ్యే మహారాజా. నేనే గుట్ట చుట్టూ తిప్పాను" అన్నాడు.

రాజుగారు గుంపయ్యను చూసి, పొట్ట తడుముకుని, "మరి ఇన్నాళ్ళూ నేను ఈ నొప్పి ఎందుకు పడ్డట్టు?" అని అడిగాడు.

రాజుగారు మూడు ఆజ్ఞలూ చింపేశాడు. రోజుకొక గేదె అన్న నాలుగోది కూడా చింపాడు. నీటికుక్కలు మడుగుకు తిరిగొచ్చాయి. కొండముచ్చు ఆ సాయంత్రం, "గేదె మాంసం అరగదు, అరగదు, అరగదు" అని హాయిగా మూడుసార్లు అరిచి నిద్రపోయాడు. గుంపయ్య తోలు గుంపయ్య ఒంటి మీదే ఉంది. "ఇంతేనా, బయటపడ్డాను" అనుకున్నాడు.

ఇంతే అయితే నేనూ ఇక్కడే ఆపేదాన్ని.

మరుసటి ఏడు వానల్లేవు. వాగులెండిపోయాయి. అడవి మొత్తానికి మడుగులో నీళ్ళే మిగిలాయి. ఎవరు ఎంత తాగాలో సభే పంచిపెట్టేది. గుంపయ్య వెళ్ళి నిలబడ్డాడు. ముళ్ళపంది అతని ముందు గులకరాళ్ళు పెట్టాడు. పదమూడే.

"నాకు నలభై గేదెలండీ" అన్నాడు గుంపయ్య.

"నువ్వు చెప్పే లెక్కలో మూడో వంతే రాసుకోమని నాకు ఆజ్ఞ. నలభైలో మూడో వంతు పదమూడు. కాస్త పైన మిగిలింది, అది వదిలేశాను. మాట్లాడు."

గుంపయ్య మీసాల ఊసెత్తలేదు. తాతల ఊసెత్తలేదు.

"మహారాజా, వాన లేదు. గడ్డి లేదు. నీళ్ళు లేవు. దూడలు పడిపోతున్నాయి. నలభై గేదెలకు నీళ్ళు ఇప్పించండి."

సరిగ్గా పదమూడు మాటలు. అందులో అక్షరం అబద్ధం లేదు. రాజుగారు జాలిగా చూశాడు. చూసి, పదమూడు గేదెలకే నీళ్ళిచ్చాడు.

తాబేలు మడుగు గట్టున కూర్చుని ప్రతి కొమ్మునూ తడిమి మరీ లెక్కపెట్టింది. రోజుకు పదమూడు గేదెలు తాగేవి. మిగతావి ఎండలో తమ రోజు కోసం నిలబడేవి. మూడు రోజులు గడిచేసరికి ముప్పై తొమ్మిది తాగేవి, ఒకటి మిగిలిపోయేది. ఆ ఒక్కదానికీ గుంపయ్య తన గుంపు నీళ్ళ వంతు ఇచ్చేశాడు. కుక్కలు పొద్దున్నే రెండు గుట్టలు దాటి వెళ్ళి, రాతి సందుల్లో తడి నాకి వచ్చేవి. గుంపయ్య మీద నాకున్న కోపం ఇక్కడికి వచ్చేసరికి పోతుంది.

వాన పడడానికి ఇంకా నలభై రెండు రోజులు పట్టింది. రోజూ గుంపయ్య సభకు వెళ్ళి "నలభై" అని చెప్పాడు. రోజూ గుమాస్తా "పదమూడు" అని రాసుకున్నాడు.

నీతి: మాట చెల్లాలని లేనిది కలిపి చెప్పినవాడికి, ఉన్నది ఉన్నట్టు చెప్పిన రోజున కూడా కోతే పడుతుంది.