బద్దలైన పప్పుల సాక్ష్యం

ఎర్రనేలల అడవికి తూర్పున సముద్రం. ఆ సముద్రం మీద తొమ్మిది రోజులు ప్రయాణం చేస్తే చిలుకల దీవి. అడవిలో వేరుశనగ తప్ప మరో పంట నిలిచేది కాదు. దీవిలో గడ్డికి కొదవ లేదు గాని వేరుశనగ మొలిచేది కాదు. అందుచేత ఏటా మాఘమాసంలో తాబేళ్ళు లాగే పడవ మీద పప్పు దీవికి వెళ్ళేది, ఎండుగడ్డి మోపులు అడవికి వచ్చేవి. ఆ గడ్డి వస్తేనే దూడలూ మేకపిల్లలూ వేసవి దాటేవి.

ఒక ఏడు దీవికి చేరిన పప్పు బూజు పట్టింది. అది తిన్న చిలుక పిల్లలు మంచాన పడ్డాయి. మరుసటి ఏడు దీవి నుంచి కబురు వచ్చింది: "ఒలిచే ముందు కాయ తడపరాదు. ప్రతి బస్తా మూతికీ ఆ చేనివారి గుర్తు వేసిన తాటాకు కట్టాలి. అడవి మొత్తానికి ఒకరు పూచీ ఉండాలి. పూచీ ఉన్నవారి సరుకే చెడితే మూడేళ్ళ పాటు మీ పడవను మా ఒడ్డుకు రానివ్వం."

పూచీకి ముందుకు వచ్చినవాడు బొల్లయ్య అనే ముసలి ఎద్దు. నుదుటి తెల్లమచ్చ తప్ప ఒళ్ళంతా ఎర్రమట్టి రంగే. కాయలను గిట్టతో మెల్లగా నొక్కడం అతని వంతు, పగిలిన తొక్కను పళ్ళతో విప్పి పప్పు ఏరడం చారమ్మ అనే ఉడుత వంతు. ఎండిన కాయ నొక్కితే పప్పు సగానికి సగం బద్దలయ్యేది. పక్క కళ్ళంలో జంబన్న అనే నక్క తన కాయల మీద కడవలతో నీళ్ళు చల్లుతున్నాడు.

"జంబన్నా, తడపవద్దన్నారు కదా."

"వినబడింది బొల్లన్నా, నా చెవులు నీ చెవులంత పెద్దవి కాకపోయినా. తడిస్తే తొక్క మెత్తబడుతుంది, పప్పు గుండుగా ఊడి వస్తుంది. నా బస్తాలన్నీ గాలించు, ఒక్క బద్ద దొరికితే నా తోక కోసి ఇస్తాను. నీ సరుకు చూడు, పందులు నమిలి ఉమ్మినట్టుంది."

కళ్ళంలోని కుందేళ్ళు పకపక నవ్వాయి. "మామా, మనమూ కాసిని నీళ్ళు చల్లుదామా? నా పళ్ళు కదిలిపోతున్నాయి," అంది చారమ్మ.

"ఓర్చుకో తల్లీ. తొమ్మిది రోజులు సముద్రపు గాలిలో మూతి బిగించిన బస్తా. లోపల చుక్క తడి ఉన్నా అది ఊరుకోదు."

"నక్క బావ సరుకు నిగనిగలాడుతోంది మరి."

"మన దూడలు తినవలసింది గడ్డి. నిగనిగను కాదు," అన్నాడు బొల్లయ్య, మరో కాయ గిట్ట కిందికి లాక్కుంటూ. ఇరవై రోజులు అలాగే నొక్కాడు. గిట్ట పగిలింది. అయినా కడవ వైపు చూడలేదు.

పడవ ఎక్కించే రోజు మధ్యాహ్నం జంబన్న తన బస్తాలో చేయి పెట్టి, చప్పున వెనక్కి తీసుకోవడం బొల్లయ్య కంట పడింది. ఆ వెంటనే నక్క ఎన్నడూ లేని ఆప్యాయతతో దగ్గరికి వచ్చాడు. "ఎండ దంచేస్తోందన్నా. నువ్వూ చారమ్మా వెళ్ళి నీళ్ళు తాగి రండి. బస్తాలు నేను చూస్తుంటానులే." తిరిగి వచ్చేసరికి తాటాకులన్నీ బస్తాలకు చక్కగా వేలాడుతున్నాయి. బొల్లయ్య మరేమీ అనుకోలేదు.

సరుకు వెంట అందరూ పడవలో వెళ్ళారు. తొమ్మిదో రోజున దీవి ఒడ్డున తనిఖీ చేసే పెద్ద చిలుక బొల్లయ్య గిట్ట గుర్తు ఉన్న బస్తా ముందుగా విప్పించింది. గుప్పున ముక్కిన వాసన కొట్టింది. గుండు పప్పు మీద పచ్చని బూజు దట్టంగా అల్లుకొని ఉంది.

"పూచీ ఉన్నది నువ్వే కదూ, ఎద్దుగారూ?"

మూడు వేసవులు, గడ్డి లేకుండా. ఇంటి దగ్గర ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవులు బొల్లయ్య కళ్ళ ముందు మెదిలాయి. పక్కన జంబన్న నిట్టూర్చాడు. "ఎంత పని చేశావన్నా. పెద్దవాడివని నమ్మామే."

ఆ ఓదార్పు వింటూనే బొల్లయ్య తల వంచి ఆ పప్పును మరొక్కసారి పరికించాడు. తరవాత నెమ్మదిగా తల ఎత్తాడు.

"అమ్మా, శిక్షకు సిద్ధమే. దానికి ముందు ఒక్క మాట అడగనివ్వండి. జంబన్నా, నీ బస్తాల్లో బద్దలెన్ని ఉంటాయి?"

నక్క తాటాకుల వైపు ఓసారి చూశాడు. "ఏవో... కొన్ని ఉంటాయి."

"కొన్నా?" అంది వెనక నుంచి ఒక కుందేలు. "ఒక్కటి దొరికితే తోక కోసిస్తానన్నావు కదా బావా?"

"అది ఏదో మాట వరసకు అన్నాను."

పెద్ద చిలుక జంబన్న పంజా గుర్తు ఉన్న బస్తా విప్పించింది. పొడిగా, కమ్మగా, సగానికి సగం బద్దలే. చారమ్మ గబగబా ఎక్కి ఒక బద్దను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "ఇది నేను ఏరిన పప్పు మామా. ఈ గాటు నా పంటిదే." పన్ను ఆనించి చూపితే గాటు సరిగ్గా సరిపోయింది.

పెద్ద చిలుక ఎండు కాయలు దోసెడు తెప్పించి జంబన్న ముందు పోయించింది. "ఇవి ఒలువు. తడపకుండా అన్నీ గుండుగా తీయి. తీస్తే బూజు బస్తాలు ఎద్దువే అని ఒప్పుకుంటాం."

జంబన్న నొక్కాడు, కొరికాడు, నాలుకతో చాటుగా తడి చేయబోయాడు. చిలుకలన్నీ మెడలు చాచి అతని నాలుకనే చూస్తున్నాయి. నాలుగో కాయకు ఆగిపోయాడు. అతని ముందున్న పప్పులో గుండువి రెండే.

"బద్ద లేని బస్తా తడిపిన బస్తాయే. తడిపింది ఎవరో వారి నోటితోనే చెప్పుకున్నారు. తాటాకులు మార్చే చేతులకు, మార్చకముందు మాట్లాడిన నోరు గుర్తు లేకపోయింది," అంది పెద్ద చిలుక.

బూజు బస్తాలు గొయ్యి తీసి పూడ్చారు. పంజా గుర్తు ఇక ఏనాటికీ ఆ ఒడ్డున చెల్లదని తేల్చారు. ఎద్దు పూచీ నిలిచింది. ఇకమీదట పప్పు ఒలిచినవారే మూతి కుట్టి, కుట్టులో కలిపి తాటాకు బిగించాలన్న నియమం బొల్లయ్య తానే అడిగి రాయించుకున్నాడు.

పడవ గడ్డి మోపులతో నిండి వెనక్కి బయలుదేరింది. తన పప్పుకు బదులుగా ఏటా దీవి నుంచి తెచ్చుకునే ఎండు చేపల బుట్ట లేకపోవడంతో జంబన్న తొమ్మిది రోజులూ గడ్డి మీద ఖాళీ కడుపుతో కూర్చున్నాడు. కుందేళ్ళు మాత్రం రోజుకొకసారి మర్యాదగా అడిగేవి: "బావా, తోక ఇప్పుడిస్తావా, ఇంటికి వెళ్ళాక ఇస్తావా?"

నీతి: పరదేశం పెట్టిన నియమాన్ని చాటుగా తప్పిన వర్తకుడి మీద మొదటి సాక్ష్యం చెప్పేది అతని సరుకే.