గంపలో తెల్ల తీగ

“మంచి పేరున్న యంత్రం కావాలని కోరుకోవడంలో తప్పేముంది మాష్టారూ?”

రామునాయుడు ఈ మాట అడిగింది విజయనగరం దగ్గరి ఒక ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో, పొద్దున్నే తలుపులు తీసిన వేళ. అతను అక్కడ కొత్తగా చేరిన అధ్యాపకుడు. అదే గదిలో ఒకప్పుడు అప్పలాచార్యులు మాష్టారి దగ్గర చదువుకున్నవాడు. ఉద్యోగం వచ్చినా శిష్యరికం వదల్లేదు. ఆ వారంలోనే అతను కొత్త లాప్‌టాప్ కొన్నాడు. మాష్టారు దాన్ని చూశారు. బాగుందనలేదు, ఎందుకు కొన్నావనీ అడగలేదు. ఆ మౌనం నాయుడికి కంట్లో నలకలా ఉంది.

మాష్టారికి వాదించే అలవాటు లేదు. ప్రశ్న అడిగినవాడికి ఏదో ఒక పని చెప్పేవారు. పని ముగిసేలోగా జవాబు దొరికితే సరి. దొరక్కపోతే ఆ మనిషి ఇంకా అడగడానికి సిద్ధంగా లేడని ఆయన ఉద్దేశం. ఆ పూట కూడా మూలనున్న వెదురు గంప చూపించి, “ఆ పక్క పట్టుకో. హాల్లోకి తీసుకెళ్దాం” అన్నారు.

ఆ గంప మాష్టారు పెట్టిన పద్ధతి. ప్రయోగశాలకు వచ్చినవాళ్ళు ఎవరైనా తమ ఛార్జరును అందులో వేయాలి. అవసరమున్నవాళ్ళు తమ యంత్రానికి పట్టేది తీసుకోవాలి. పని కాగానే మళ్ళీ వేయాలి. ఎవరిదని అడగకూడదు, ఎవరు తీస్తున్నారని చూడకూడదు. నాయుడు తన కొత్త తెల్ల తీగను సంచీలోంచి తీసి, కాస్త తటపటాయించి, గంపలో అన్నిటికీ పైన పెట్టాడు. అది మాష్టారు గమనించారు.

నాయుడు కొన్న యంత్రం తయారుచేసే కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. మూత మీద ఎగిరే పిట్ట గుర్తు ఉంటుంది కాబట్టి పిల్లలందరూ దాన్ని పిట్ట అనేవారు. సన్నగా, తళతళలాడుతూ ఉంటుంది. బాటరీ రోజంతా వస్తుందని దానికి పేరు. మరొక కంపెనీది మూడు గీతల గుర్తు. అది మందంగా, బరువుగా ఉంటుంది, దాని ఛార్జరు నల్లగా అరచేతినిండా ఉంటుంది. దానికి వాళ్ళు పెట్టిన పేరు ఇటుక. పిట్టలున్నవాళ్ళు కాంటీనులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. అలా కూర్చోవాలని ఎవరూ నియమం పెట్టలేదు. ఇటుకలున్నవాళ్ళు మాత్రం అటు వెళ్ళేవారు కాదు. ఉపాధ్యాయుల గదిలోనూ వరస కొంచెం అలాగే ఉండేది, కాకపోతే అక్కడ పైకి అనేవారు కాదు.

ఆ రోజు చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శన. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ అధికారిణి చూడటానికి వస్తోంది. నచ్చినవాళ్ళకు అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేసి సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ ఏడాది ఆ కళాశాలకు వచ్చిన కంపెనీ అదొక్కటే. మాష్టారు ప్రదర్శనకు పెద్ద. నాయుడు ఆయనకు తోడు.

విద్యార్థులు ఇద్దరిద్దరు జతలుగా పనిచేశారు. అందులో హేమసుందర్, జ్యోత్స్న ఒక జత. జ్యోత్స్న తండ్రి జూట్‌ మిల్లులో మగ్గం నడుపుతాడు. మోటారు చెడిపోయే ముందు దాని చప్పుడు మారుతుందని చిన్నప్పటినుంచి ఇంట్లో వింటూ పెరిగింది. మిల్లుకు వెళ్ళి మంచి మోటార్ల చప్పుడు, చెడిపోబోయే మోటార్ల చప్పుడు రికార్డు చేసి పట్టుకొచ్చింది. ఆ రెండింటికీ తేడా కనిపెట్టే ప్రోగ్రాము హేమసుందర్ రాశాడు. అది తేలిక పని కాదు. అతను బాగా రాశాడు. ప్రోగ్రాము ఉన్నది అతని యంత్రంలోనే. ఇంకో యంత్రంలోకి ఎక్కించి సరిచూడాలంటే ఒక పూట పడుతుంది.

అతని యంత్రం మూత మీద పిట్ట ఉంది. కానీ అది పిట్ట కాదు. మేనమామ వాడి ఇచ్చిన ఇటుక. సెలవుల్లో మూతకు వెండి రంగు రేకు అంటించి, మూడు గీతల మీద పిట్ట స్టిక్కరు వేశాడు. మామయ్య కొత్తది కొనిచ్చాడని అందరికీ చెప్పాడు. ఆ తర్వాత కాంటీనులో కిటికీ పక్క బల్లకు మారాడు. మారాక పాత బల్ల దగ్గర కూర్చునే దాసును ఊరుకోనిచ్చేవాడు కాదు.

“ఏట్రా దాసూ, ఆ ఇటుకతో ఇల్లు కట్టేత్తావేటి?” అనేవాడు.

దాసు నవ్వేసేవాడు. “పునాది వరకూ వచ్చింది. గృహప్రవేశానికి నువ్వు తప్పకుండా రావాలి” అనేవాడు.

స్టిక్కరు సంగతి జ్యోత్స్న ఒక్కదానికే తెలుసు. ఎవరితోనూ అననని మాట ఇచ్చింది.

ఆ ఉదయం హేమసుందర్ బాటరీ నింపుకున్నాడు గాని ఛార్జరు హాస్టలు గదిలోనే వదిలి వచ్చాడు. మరిచిపోయి కాదు. దాని మీద మూడు గీతలు పెద్దవిగా అచ్చయి ఉన్నాయి. తమ వంతు పొద్దున్నే అయిపోతుందని అతని ధైర్యం. కానీ బండి ఆలస్యమైంది. అధికారిణి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వరస తిరగేసి పిలవడం మొదలుపెట్టారు, వీళ్ళ వంతు అన్నిటికన్నా వెనక్కి పోయింది. యంత్రం ఆపి ఉంచినా లాభం లేకపోయింది. పాత బాటరీ. కాస్త సరిచూసుకుందామని తెరిచేసరికి మూలన ఎర్ర గుర్తు వెలుగుతోంది.

“ఛార్జరేదిరా?” అంది జ్యోత్స్న గొంతు తగ్గించి.

“గదిలో ఉంది.”

“గదికెళ్ళి వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోతాది. గంపలో దాసుది ఉంది. బేగి తెచ్చుకో.”

“అందరూ చూస్తారు.”

“చూడనీ. మనం ఏడాదంతా చేసిందేటి, వీళ్ళకి చూపించడానికే కదా?”

“నువ్వు ఊరుకో జ్యో. సరిపోద్ది.”

వెనక బల్లమీది స్నేహితుడు వంగి చూశాడు. “ఏటిరా, పిట్టకి అప్పుడే నీరసమొచ్చిందా? ఇంద, నాది పెట్టుకో.” తెల్ల తీగ ఒకటి ముందుకు చాచాడు. హేమసుందర్ అరచేతిని యంత్రం పక్కకు చేర్చి, ఛార్జరు పెట్టే కన్నం కనబడకుండా మూసి, “అక్కర్లేదు. ఇంకా చాలా ఉంది” అన్నాడు. పిట్టకు పట్టే మొన సన్నం. ఆ కన్నం గుండ్రం.

వాళ్ళ పేర్లు పిలిచారు.

ముందుకు వచ్చి బల్ల మీద యంత్రం పెట్టి, గోడ మీది తెరకు కలిపారు. అధికారిణి తెరకు ఎదురుగా కూర్చుంది. ఆవిడ కూర్చున్న చోటికి మూత కనబడదు. మూత కనబడేది హాల్లో కూర్చున్న తోటివాళ్ళకే. జ్యోత్స్న మిల్లు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మాట నిదానంగా ఉంది గాని కళ్ళు ఎర్ర గుర్తు మీదే ఉన్నాయి. తెర మీద హెచ్చరిక పడింది. హేమసుందర్ దాన్ని వెంటనే తీసేశాడు. మళ్ళీ పడింది. మళ్ళీ తీసేశాడు. హాలంతా చూసింది.

“ఛార్జరు తెచ్చుకోలేదా?” అని అధికారిణి అడిగింది.

రామునాయుడికి జాలి వేసింది. అతనికీ మూత మీద పిట్టే కనబడింది. గంపలోంచి తన తెల్ల తీగ తీసుకుని లేవబోయాడు. ఇందాక అబ్బాయి కన్నం మీద అరచెయ్యి మూయడం చూసిన మాష్టారు అతని మోచెయ్యి పట్టుకున్నారు.

“అదొక్కటే వద్దు. గంప తీసుకెళ్దాం.”

నాయుడు విస్తుపోయి తీగను మళ్ళీ గంపలో వేశాడు. ఇద్దరూ గంప మోసుకెళ్ళి హేమసుందర్ పక్కన బల్ల మీద పెట్టారు. దాసు నల్ల ఛార్జరు చేతికి అందేటట్టు ఉంది. దాని పక్కనే తెల్ల తీగ. మాష్టారు అబ్బాయి ముఖంలోకి చూడలేదు. “పట్టేది తీసుకో బాబూ” అని, అధికారిణి వైపు తిరిగి, “కొంచెం ఆగండమ్మా. ఇక్కడ ఎవరు ఏది తీసుకున్నా ఎవరూ చూడరు” అన్నారు. ఆ రెండో మాట హాలంతటికీ వినబడేలా అన్నారు. ముందు వరసలో కొందరు తలలు దించుకున్నారు. దాసు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

హేమసుందర్ చెయ్యి గంపలోకి వెళ్ళింది. వేళ్ళు నల్ల ఛార్జరుకు తగిలాయి. అక్కడ ఆగాయి.

చెయ్యి పైకి వచ్చింది. అందులో తెల్ల తీగ ఉంది.

ఒక కొసను గోడకు పెట్టాడు. రెండో కొసను గుప్పిట్లో పట్టుకుని, ఆ గుప్పిటను యంత్రం పక్కకు నొక్కి, పెట్టినట్టే నిలబడ్డాడు. నాయుడు అతని పక్కనే ఉన్నాడు. గుండ్రటి కన్నం, దానికి ఆనించిన సన్నటి మొన, వాటి మీద బిగిసిన వేళ్ళు అతనికి కనబడ్డాయి. అప్పుడు తెలిసింది, మాష్టారు గంప మొత్తం ఎందుకు తెమ్మన్నారో. మాష్టారి వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఎదురుచూపు ఉంది.

“కానివ్వండి” అంది అధికారిణి.

హేమసుందర్ ఎడమ చేత్తో మీట నొక్కాడు. మగ్గం మోటారు చప్పుడు హాల్లో మోగింది. తెర మీద గీత కదిలింది. మొదటి మోటారు మంచిదని వచ్చింది. రెండో చప్పుడు మొదలైంది. గీత వంకర తిరిగింది. జవాబు రావలసిన చోట తెర చీకటైంది. చప్పుడు సగంలో ఆగిపోయింది.

హేమసుందర్ గుప్పిట విప్పలేదు. “తీగ సరిగా లేనట్టుందండీ” అన్నాడు.

నాయుడి నోటి దాకా మాట వచ్చింది. తీగ అతనిది. వారం కూడా వాడలేదు. మాష్టారు పెదవి కదపలేదు గనుక అతనూ మింగేశాడు.

జ్యోత్స్న అప్పటిదాకా నిలబడ్డ చోటు నుంచి కదిలింది. గంపలోంచి దాసు ఛార్జరు తీసింది. ఎవరి వైపూ చూడలేదు. హేమసుందర్ పక్కకు వచ్చి, “చెయ్యి తియ్యి హేమూ” అంది. అతను తియ్యలేదు. మణికట్టు పట్టుకుని పక్కకు జరిపింది. తెల్ల తీగ కింద పడింది. నల్లది పెట్టింది. పట్టింది.

యంత్రం తిరిగి లేచేలోపు ఆమె మాట ఆపలేదు. రెండు చప్పుళ్ళకీ తేడా మిల్లులో మనుషులు చెవితో ఎలా పట్టుకుంటారో చెప్పింది. తెర వెలిగింది. రెండో మోటారు చెడిపోబోతోందని వచ్చింది. హాల్లో చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు కొట్టింది దాసు. ఎవరూ నవ్వలేదు. కానీ హేమసుందర్‌కు హాలంతా నవ్వుతున్నట్టే ఉంది. బల్ల మీది నల్ల ఇటుకనే చూస్తూ నిలబడ్డాడు.

అధికారిణి ముందుకు వంగింది. “రెండో చప్పుడు దగ్గర తేడా పట్టుకున్న పద్ధతి చాలా బాగుంది. ఇది ఎవరు రాశారు?”

“హేమసుందర్ రాశాడండీ. మొత్తం అతనే” అంది జ్యోత్స్న.

“ఎలా రాశారో చెప్పండి.”

అతనికి తెలిసినది అదొక్కటే. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. నోరు తెరిచాడు. చెవులు మాత్రం వెనక కూర్చున్నవాళ్ళ వైపు ఉన్నాయి. అక్కడ ఎవరో దగ్గారు. అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ ఓపికగా ఆగింది. “కంగారు లేదు, చెప్పండి” అని మళ్ళీ అంది. అతను తల దించుకుని, “ఆమె చెప్తాదండీ” అన్నాడు.

బండి వేళ దగ్గరపడింది. అధికారిణి లేచి తాను ఎంచుకున్నవాళ్ళ పేర్లు అక్కడే చదివింది. ఆ జతలోంచి జ్యోత్స్న పేరు ఒక్కటే చదివింది. రాసినవాడు తను రాసినది చెప్పలేకపోతే తాను నమ్మేదెలాగని మాష్టారితో అంది. ఆయన తల ఊపారు. అందులో కాదనడానికి ఏమీ లేదు. ఆవిడ తన లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. అందులో ఏ గుర్తు ఉందోనని ఆవిడ వచ్చినప్పటి నుంచి పందేలు వేసుకున్న పిల్లలకు అది చివరిదాకా తెలియలేదు. ఆవిడ ఒక్కసారీ జిప్పు తీయలేదు.

హాలు ఖాళీ అవుతుండగా దాసు బల్ల దగ్గరికి వచ్చాడు. “ఒరే, గదికెళ్ళేదాకా ఉంచుకో. నా బాటరీ నిండే ఉంది” అన్నాడు. హేమసుందర్ మూత మూసి, పిట్టను ఛాతీకి అదిమి పట్టుకుని, పక్క తలుపు నుంచి వెళ్ళిపోయాడు. జ్యోత్స్న తలుపు దాకా వెంట వెళ్ళి, అక్కడ ఆగి, చాలాసేపు నిలబడింది. ఆమెకు ఉద్యోగం వచ్చిందని చూసినవాళ్ళెవరూ అనుకోరు.

మాష్టారు, శిష్యుడు మిగిలారు. నాయుడు గంపలోని తీగలు సర్దుతూ ఉండబట్టలేక అడిగాడు.

“నల్లది చేతికి తగిలింది మాష్టారూ. నేను చూశాను. తెల్లది పట్టదని అతనికి తెలుసు. అయినా ఎందుకు తీశాడు?”

మాష్టారు బల్ల కిందికి వంగి, అక్కడ పడి ఉన్న తెల్ల తీగను తీశారు. దుమ్ము దులిపి, చుట్ట చుట్టి, నాయుడి చేతిలో పెట్టారు. దాని కొస ఇంకా చెమటతో తడిగా ఉంది.

“పొద్దున అడిగావు కదా. తీగలో తప్పేమీ లేదు నాయుడూ, పట్టదని తెలిసీ విడవని గుప్పిట్లో ఉంది” అన్నారు ఆయన, గంపకు తన వైపు చెయ్యి వేస్తూ. “ఆ తడి ఆరాక సంచీలో పెట్టుకో.”