సొట్టల కారు, మూలగోడ

"ఆపవే! గోడ! గోడా!"

కాలవగట్టు వీధిలో ఈ చివర లేచిన ఆ కేక ఆ చివరిదాకా వినిపించింది. అరిచినవారు రామచంద్రపురంలో బియ్యం వ్యాపారి భాస్కరరామంగారు. ఏళ్ల తరబడి కొట్లో హమాలీలను కేకేసి కేకేసి సాగిన గొంతు ఆయనది. అరిపించుకున్నది ఆయన భార్య కనకవల్లిగారు. యాభై దాటిన ఆవిడ, ఒక ఎర్రటి పాత చిన్న కారు స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, గేటులోంచి వీధిలోకి వెనక్కి తీస్తున్నారు. మొగుడి కేక వినగానే తన కాళ్లు ఎక్కడున్నాయో ఆవిడకే తెలియకుండా పోయింది. కరకరమని చప్పుడైంది. కారు ఆగింది.

పక్క సీట్లో డ్రైవింగు నేర్పే గవర్రాజు మాస్టారున్నారు. హ్యాండుబ్రేకు ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు.

సంగతి అక్కడిదాకా ఎలా వచ్చిందంటే, కనకవల్లిగారికి లైసెన్సు వచ్చి చాలా నెలలైంది. వచ్చిన సంతోషంలో భాస్కరరామంగారు దసరాకి కొత్త కారు కొన్నారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించారు. ఆ నిమ్మకాయల మీదుగా నడిపించింది మాత్రం షోరూము నుంచి వచ్చిన కుర్రాడు. ఆనాటి నుంచి ఆ కారు వసారాలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. సీట్ల మీద ప్లాస్టిక్కు కూడా తీయలేదు. రోజూ తుడిచే హక్కు కనకవల్లిగారిది. నడుపుతానంటే మాత్రం, "ఇప్పుడే వద్దే, గీత పడుతుంది. ముందు చెయ్యి తిరగనీ" అనేవారు పెద్దమనిషి. చెయ్యి ఎక్కడ తిరగాలో చెప్పేవారు కాదు.

ఆవిడకి కోలాటం జట్టుంది. ఆవిడే పెద్ద. ఊళ్లలో ఎక్కడ ఉత్సవమైనా పట్టుచీరలు కట్టుకుని, కోలలు ఒళ్లో పెట్టుకుని, ఆటో కోసం ఎండలో నిలబడడం ఆ ఆడవాళ్లందరికీ మామూలైపోయింది. వచ్చే శనివారం ద్రాక్షారామంలో కోలాటం. "ఈసారి మిమ్మల్ని నేనే తీసుకెళ్తానర్రా" అని జట్టులో ముగ్గురికి మాటిచ్చేశారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, "శుక్రవారం నుంచి డ్రైవరొస్తున్నాడు. మాట్లాడేశాను. నువ్వు వెనకాల మహారాణిలా కూర్చో" అన్నారు భర్త. మహారాణికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు డ్రైవింగు నేర్పిన మాస్టారి దగ్గరికి వెళ్లి అడిగారు. "మాస్టారూ, చెయ్యి తిరిగితేగానీ కారివ్వనంటారు ఆయన. కారిస్తేగానీ చెయ్యి తిరగదు. ఇలా అయితే నాలో భయం పోయేదెప్పుడండీ?"

గవర్రాజు మాస్టారికి ఒక అలవాటుంది. ఏ ప్రశ్నకీ అప్పటికప్పుడు జవాబు చెప్పరు. "రేపు చూద్దాం" అంటారు. అందరూ అనే మాటే అది. తేడా ఏమిటంటే, ఆయన మర్నాడు నిజంగానే చూపిస్తారు.

అలా చూపించడానికే ఈ కాలవగట్టు వీధికి, వీరలక్ష్మమ్మగారింటికి తీసుకొచ్చారు. ఆవిడ డిక్కీ నిండా నేత చీరలు వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు క్లచ్చు తొక్కనివ్వడం లేదని కారు అమ్మకానికి పెట్టారు. సంగతి తెలిసి భాస్కరరామంగారు కొట్టు వదిలేసి వెనకాలే వచ్చారు. కొనడానికి కాదు, కొననివ్వకుండా ఉండడానికి.

ఆయన రావడం రావడమే టైర్లు కాలితో తన్ని చూశారు. ఎందుకు తన్నాలో ఆయనకీ తెలియదు. లోపలికి తల పెట్టి మీటరు చదివి, గుండెల మీద చెయ్యేసుకున్నారు. "అమ్మో! రెండు లక్షలకి దగ్గర పడింది! ఇంక దీంట్లో ఏం మిగిలిందండీ, హారను తప్ప?"

"హారను ఈమధ్యే మార్చానండీ, ఆయ్" అన్నారు వీరలక్ష్మమ్మగారు నవ్వుతూ.

మాస్టారు మాత్రం తన పని తాను చేసుకుపోయారు. ముందు బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందని తల ఊపారు. పొద్దున్నే ఎవరూ వేడి చేసి ఉంచలేదన్న మాట. తరవాత స్టార్టు చేసి వెనక్కెళ్లి పొగ చూశారు, ఇంజనాయిలు చుక్క రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూశారు, బండి కింద కారుతున్నదేమైనా ఉందా అని వంగి చూశారు. లేచి దుమ్ము దులుపుకుని, "కనకవల్లిగారూ, కూర్చోండి. వీధిలోకి తీయండి" అన్నారు.

ఇక తరవాతది తెలిసిందే. కేక, గోడ, కరకర.

కనకవల్లిగారు దిగారు. మొహం తెల్లబోయింది. కొనకముందే పరాయివాళ్ల కారుకి దెబ్బ. ద్రాక్షారామం లేదు, కోలాటం లేదు, శుక్రవారం డ్రైవరొచ్చి తలుపు తీసి పట్టుకుంటాడు, అంతే. వీధిలో అరుగుల మీదున్నవాళ్లంతా చేరారు. భాస్కరరామంగారు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "చూశారా? నేను చెప్పలా?" అని వీధిని సాక్ష్యం అడుగుతున్నారు.

"మాస్టారూ, మీరు పక్కనే ఉన్నారు కదా. ఒక్క మాట చెప్పకూడదుటండీ?" అన్నారావిడ, ఏడుపు ఆపుకుంటూ.

"చూస్తూనే ఉన్నానమ్మా" అన్నారు మాస్టారు. అంతే.

వీరలక్ష్మమ్మగారు కొంగు నడుముకి దోపుకుని కారు చుట్టూ తిరగడం మొదలెట్టారు. "ఏదమ్మా, ఎక్కడ తగిలింది?"

"ఇదుగోనండి, ఈ సొట్ట" అని చూపించారు భాస్కరరామంగారు, నేరస్థుణ్ణి పట్టిచ్చినంత ఉత్సాహంగా.

"అబ్బే, అది మా కోడలిదండి. పెళ్లైన కొత్తల్లో."

"మరైతే ఇది?"

"అది ద్రాక్షారం రోడ్డులో గేదె. తప్పు గేదెదే, నాది కాదు."

"ఈ పొడుగాటి గీత?"

"అది నేనే, మొట్టమొదటి రోజు. పాలబ్బాయి సైకిలు. పాపం రెండు లీటర్లు నేలపాలు. ఆ ఏడాదంతా వాడి దగ్గరే పాలు పోయించుకున్నాను."

వీధంతా వెతుకులాటలో పడింది. ఒకరు ఇదంటారు, ఇంకొకరు అదంటారు. ప్రతిదానికీ వీరలక్ష్మమ్మగారి దగ్గర ఒక పేరూ, ఒక కథా ఉన్నాయి. చివరికి వెనక మూల సున్నం అంటుకున్నచోట ఆవిడ వేలు ఆగింది. కొంగుతో తుడిస్తే కింద చిటికెడు రంగు లేచిపోయి కనిపించింది. "హమ్మయ్య, దొరికింది! ఇక్కడొక్కటే ఖాళీ ఉండేది. నిండిపోయింది."

అందరూ గొల్లుమన్నారు. అప్పుడు మాస్టారు కనకవల్లిగారిని గేటు దగ్గరికి పిలిచి, గోడ మూల చూపించారు. మిగతా మూలంతా అంచు పదునుగా ఉంది. కారు తగిలే ఎత్తులో మాత్రం అరిగి, గుండ్రంగా, చేత్తో నిమిరితే నున్నగా ఉంది. సున్నం పొరల మధ్య ఎర్రరంగు చారలు, ఒకదాని మీద ఒకటి.

"మా ఇంట్లో నేర్చుకున్నవాళ్లం అందరం ఆ మూలకే మొక్కామమ్మా" అన్నారు వీరలక్ష్మమ్మగారు. "మా ఆయనైతే రెండుసార్లు. పోయేదాకా ఒప్పుకోలేదనుకోండి."

కనకవల్లిగారు ఆ మూల మీద చెయ్యేసి నిమిరి చూశారు. నవ్వొచ్చింది. ఎలాంటి నవ్వంటే, కోలాటంలో పాట వేగం అందుకున్నప్పుడు వచ్చే నవ్వు. చరచరా వెళ్లి మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నారు. మాస్టారు పక్క సీట్లోకి ఎక్కారు.

"ఏవండీ, ఎక్కండి."

"నేనా? ఎక్కడికే?"

"వెనకాల. మహారాజులా."

వీధి ఊరుకుంటుందా! తలుపు తీసి మరీ ఎక్కించారు. ఆ మూల పక్కనుంచి కారు ఈసారి నల్లేరు మీద బండిలా జారి వీధిలో పడింది. వంతెన దాటింది. బియ్యం కొట్ల బజారులో, ఆయన సొంత కొట్టు ముందునుంచే పోయింది. హమాలీలు బస్తాలు దించి నోళ్లు తెరుచుకు చూస్తుంటే, కనకవల్లిగారు ఆ కొత్త హారను గట్టిగా మోగించారు. భాస్కరరామంగారు ముందు సీటుని రెండు చేతులా వాటేసుకుని, "గేదె! గేదే!" అని అరుస్తూనే ఉన్నారు. గేదె దానిపాటికది గడ్డి మేస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదు. వెనక్కొచ్చేటప్పుడు మాత్రం అరుపులు తగ్గాయి. కాలవగట్టు మలుపులో, "కాస్త నిదానం... ఆఁ, అలాగే, బావుంది" అన్న మాట కూడా వినపడిందని మాస్టారు తరవాత చెప్పారు.

తిరిగొచ్చేసరికి వీరలక్ష్మమ్మగారు వంట ముగించి ఉన్నారు. తినకుండా కదలనివ్వనన్నారు. బేరం కూడా వాకిట్లో నిలబడే తెమిలిపోయింది. కాళ్లు కడుక్కుంటూ భాస్కరరామంగారు ఫోను తీసి, "ఒరే, శుక్రవారం నువ్వు రానక్కర్లేదు. ఆఁ, మనిషి దొరికింది" అన్నారు. దొరికిన మనిషి ఆ మాట విననట్టే పీట వాల్చుకుని కూర్చున్నారు. నలుగురికీ కంచాలు వచ్చాయి. మామిడికాయ పప్పు, కొత్తిమీర కారం పెట్టిన వంకాయ, గడ్డపెరుగు.

"మరి ఆ కొత్త కారునేం చెయ్యమంటారు మాస్టారూ?" అన్నారు భాస్కరరామంగారు, గొంతు బాగా తగ్గించి.

"ముందు గుడ్డ తీసి గాలి తగలనివ్వండి."

కనకవల్లిగారికి అప్పుడు గుర్తొచ్చింది. "అన్నట్టు నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదండీ. భయం ఎప్పుడు పోతుందని కదా అడిగాను!"

మాస్టారు అన్నంలో పప్పు కలుపుకుంటూ అడిగారు. "గోడ తగలబోయేముందు ఎలా ఉందమ్మా మీకు?"

"ప్రాణం పోయిందండి."

"తగిలాక?"

ఆవిడ ఆలోచించారు. చేతిలో ముద్ద అలాగే ఉంది. "తగిలాక... నవ్వొచ్చిందండి. ఇదిగో, ఇప్పుడు ఆకలేస్తోంది."

"అయితే తినండి" అన్నారు మాస్టారు. "ఆ వంకాయ ఇలా జరపండి."