పురుగు కడుపు, మంత్రి కడుపు

పిల్లలూ, తోటకూర అమ్మే సుంకమ్మ కథ మీకెవరూ చెప్పి ఉండరు. గాదె అడుగున పేరుకున్న ధూళిని ఆమె తన తోటలో ఆకుల మీద చల్లితే పురుగులు చచ్చేవి. ఆ సంగతి విని మంత్రి ఆమెను రాజుగారి సభకు పిలిపించాడు.

"పురుగును చంపేది మనిషిని మాత్రం వదులుతుందా? తోట తగలబెట్టించండి, ప్రభూ," అన్నాడు.

తోట పోతే సుంకమ్మకు బతుకు లేదు. ఆమె కొంగులోంచి చిటికెడు పసుపునూ ఒక పురుగునూ తీసి, పురుగును పసుపు మీద నలిపింది. సున్నం కలిపినట్టు పసుపు ఎర్రబడింది.

"చూశారా దొరా, దీని కడుపులో ఉన్నది సున్నం గుణం. ధూళిలోని విషం అందులోనే కరిగి పనిచేస్తుంది, పులుపులో పనిచేయదు. మంత్రిగారికి తిన్నాక ఏ తేన్పులొస్తాయి?"

రాజు నవ్వు ఆపుకున్నాడు. "పులితేన్పులు. సభంతా వింటూనే ఉంటుంది."

"మరి కడుపులో పులుపున్న మనిషికి భయమెందుకు? కడిగి వండుకుని మా ఇంట్లో రోజూ తింటున్నాం. తనది పురుగు కడుపేనని మంత్రిగారు ఒప్పుకుంటే తోట తగలబెట్టించండి."

మంత్రి ఒప్పుకుంటాడా? తోటకూర పప్పు తెప్పించుకుని, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. మర్నాడు అందరికంటే ముందే సభకు వచ్చి, గట్టిగా తేన్చి కూర్చున్నాడు. తోట నిలిచింది.

ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి. తెలియని పొడి ఏదీ నోట్లో పెట్టుకోవద్దని కూడా, మరిచిపోకుండా చెప్పండి.