ఐలిష్ కాదన్న రోజు

ఐర్లండ్ పడమటి తీరంలో ఒక చేపల రేవులో ఐలిష్ అనే అమ్మాయి ఉండేది. ఆమె గొంతు ఎంత బాగుండేదో, ఎవరికైనా ఎదురు చెప్పడమంటే అంత భయపడేది. చర్చిలో ఆమె పాడుతుంటే బయట వలలు బాగుచేసుకునేవాళ్లు కూడా వచ్చి వెనక బల్లల మీద కూర్చునేవారు. కానీ ఏ పాట పాడతావని అడిగితే మాత్రం "మీ ఇష్టం" అనేది.

పద్దెనిమిదేళ్లు నిండగానే ఐలిష్ డబ్లిన్ వెళ్లింది. అక్కడ హాలిగన్ అనే మేనేజరు నలుగురు అమ్మాయిలతో ఒక పాప్ బృందం తయారుచేస్తున్నాడు. అందులో ఆమెకు చోటు దొరికింది. ఆ నలుగురిలో లిమరిక్ ఊరి నుంచి వచ్చిన ఊనా, ఐలిష్ ఒకే గదిలో ఉండేవారు. ఊనాది బరువైన గొంతు. ఐలిష్ పైస్థాయికి వెళ్లినప్పుడల్లా ఊనా కింది స్థాయిలో తోడుగా నిలిచేది. వానలో తడిసి వచ్చిన రోజుల్లో ఇద్దరూ హీటరు ముందు మేజోళ్లు ఆరబెట్టుకుంటూ సాధన చేసేవారు.

మొదటి పాట రేడియోలో బాగా నడిచింది. రెండో పాటకు ముందు హాలిగన్ నలుగురినీ పిలిచాడు.

"ఊనాకు డాన్సు రావడం లేదు. ఫోటోల్లో కూడా మీతో కలవడం లేదు. ఇక ముగ్గురు చాలు," అన్నాడు. "ఎవరికైనా అభ్యంతరమా?"

ఊనా ఐలిష్ వైపు చూసింది. నోరు విప్పితే తన చోటు కూడా పోతుందేమోనని ఐలిష్ తల దించుకుంది. ఆ సాయంత్రమే ఊనా పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత మిగిలిన ముగ్గురికీ ఒకటే దిగులు, ఈసారి ఎవరి వంతోనని. ఒకరి పొరపాటు ఇంకొకరు మేనేజరుకు చేరవేయడం మొదలుపెట్టారు. ఏడాది తిరగకుండానే బృందం విడిపోయింది. ఐలిష్ ఊరికి వచ్చేసి, రేవు దగ్గర ఒక హోటల్లో పనికి కుదిరింది. పని చేస్తున్నంతసేపూ ఊనా చూపే గుర్తుకొచ్చేది.

ఒక ఆదివారం బస్సెక్కి లిమరిక్ వెళ్లింది. ఊనా అక్కడ పిల్లలకు సంగీతం నేర్పుతోంది. తలుపు తీసి, లోపలికి రమ్మంది.

"ఆ రోజు నేను అడ్డుచెప్పినా ఆయన వినేవాడు కాదు, ఊనా," అంది ఐలిష్.

"వినేవాడు కాదు, నిజమే," అంది ఊనా. "నన్ను ఎలాగైనా పంపేసేవాడు. కానీ నువ్వు ఒక్క మాట అని ఉంటే, నాకెవరూ లేరనుకుంటూ ఆ మెట్లు దిగేదాన్ని కాదు."

ఐలిష్ క్షమించమని అడిగింది. ఊనా బస్సు దాకా తోడు వచ్చింది.

కొంతకాలానికి లండన్‌లో ముగ్గురు అమ్మాయిల బృందంలో ఒకరు తప్పుకున్నారు. ఆ చోటు ఐలిష్‌కు వచ్చింది. మిగతా ఇద్దరు రోషిన్, తమారా. వాళ్ల పాటలు బాగా అమ్ముడవుతున్న సమయంలో, ఒక పెద్ద టీవీ కార్యక్రమానికి పిలుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే రోషిన్ గొంతు వాచింది. కొన్ని నెలలు మాట్లాడనే కూడదని డాక్టరు చెప్పాడు.

మేనేజరు పెంబర్టన్ మేడమ్ వాళ్లను కూర్చోబెట్టింది. "రోషిన్ స్థానంలో ఇంకో అమ్మాయిని చూశాను. రోషిన్ ఇక ఇంటికి వెళ్లవచ్చు. నీకు సమ్మతమే కదా, ఐలిష్?"

రోషిన్ ఏదో అనబోయి గొంతు పట్టుకుంది. ఐలిష్ ఈసారి తల దించుకోలేదు.

"లేదండీ, నాకు సమ్మతం కాదు," అంది. "తనకు నయమయ్యేదాకా ఆగుదాం."

"ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. తెలుసా?"

"తెలుసండీ."

"నాదీ అదే మాట," అంది తమారా.

మేడమ్ విసుక్కుంటూ లేచి వెళ్లిపోయింది. ఆ కార్యక్రమం వేరే బృందానికి దక్కింది. ఆ చలికాలమంతా ఏ దుకాణంలో చూసినా వాళ్ల పాటే. ఐలిష్‌కు బాధ కలగకపోలేదు. అయినా రాత్రిళ్లు హాయిగా నిద్రపోయేది.

వసంతం వచ్చేసరికి రోషిన్ గొంతు కోలుకుంది. మునుపటికన్నా కాస్త బొంగురుగా, నిండుగా తిరిగివచ్చింది. ముగ్గురూ కూర్చుని ఆ గొంతుకు తగ్గట్టు కొత్త పాట కట్టారు. మేడమ్ విని, ఇంకోసారి పాడమంది. మొదటి కచేరీకి సగం కుర్చీలు ఖాళీ. నెలలు గడిచేకొద్దీ నిలబడి వినేవాళ్లు కూడా వచ్చారు. ఆ బృందం దేశంలో మొదటి స్థానానికి ఎన్నడూ చేరలేదు. కానీ ఎన్నో పెద్ద బృందాలు చెదిరిపోయాక కూడా ఆ ముగ్గురూ కలిసి పాడుతూనే ఉన్నారు.

నీతి: తోటివారికి అన్యాయం జరుగుతున్నప్పుడు మన మాట దాన్ని ఆపలేకపోయినా సరే, నోరు విప్పాలి, ఆ మాట వాళ్లను ఒంటరివాళ్లు కాకుండా కాపాడుతుంది.