గిన్నె కాలని పొగగొట్టం

అనగా అనగా, కొండల కింద పల్లపువీడు అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని మణిధరుడనే రాజు ఏలేవాడు. మంచివాడే, కాని తొందర మనిషి. ఆ రాజ్యంలో తొందర లేనివాళ్ళు ఎవరు లెండి! ఆడా మగా అందరికీ చుట్ట అలవాటు. గుప్పుగుప్పున పీల్చడం, పీక విసిరేయడం, అది ఎక్కడ పడిందో చూడకపోవడం.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పల్లంలో గడ్డిపోచ మిగల్లేదు. ఆవులు లేవలేక కూలబడుతున్నాయి. పైన కొండల మీద మాత్రం మోకాలి లోతు పచ్చిక. రాజు కొండదొర సింగన్నను పిలిపించి, "దొరా, మా మందలను మీ కొండ ఎక్కనివ్వండి" అని అడిగాడు.

సింగన్న దొర తల అడ్డంగా ఊపాడు. "మందలొస్తే మాకేటి బాధ లేదు మారాజా. మందలెంట మీ మనుషులొస్తారు, మనుషులెంట చుట్టలొస్తాయి. పోయినేడు మీవోడు ఇసిరేసిన పీకకే మా అడివి సగం బుగ్గయిపోనాది."

అంటూనే సంచిలోంచి మూడు చెక్క పొగగొట్టాలు తీశాడు. ఒక కొసన పొగాకు కూరే గిన్నె, రెండో కొసన నోట పెట్టుకునే సన్నని కాడ.

"మా సెట్టు ఏరుతో సెక్కినవి. రోజూ తాగండి. అమాస నాటికి ఒక్క గిన్నయినా కాలకుండా, పగలకుండా నా సేతికిస్తే కొండ మీకే. లేదంటే దారి మూసేస్తాను. సెక్కలో నిప్పుని కాయలేనోడు అడివిలో నిప్పునేం కాస్తాడు?"

"ఇంతేనా!" అని సేనాపతి ఉద్దండసింహుడు మీసం దువ్వాడు. గిన్నె నిండా పొగాకు కుక్కి, చుట్ట పీల్చినట్టే బుగ్గలు సొట్టలు పడేలా పీల్చాడు. కొలిమి తిత్తి కూడా అంత జోరుగా ఊదదు. సాయంత్రానికి గిన్నె అడుగున బొక్క పడి, నిప్పురవ్వ ఆయన పంచె మీద రాలింది. సేనాపతి గంతులు చూసి ఆ కరువులోనూ జనం నవ్వారు.

రెండోది మంత్రి కుశలయ్య తీసుకున్నాడు. ఆయన నెమ్మదిగానే తాగాడు. కాని మహా శుభ్రం మనిషి. గిన్నె లోపల నల్లగా మసి పట్టడం చూసి ఓర్చుకోలేకపోయాడు. రోజూ చాకుతో తెల్లచెక్క తేలేదాకా గీకేవాడు, వేడి గిన్నెను రాతిమెట్టుకు టకటకా కొట్టి బూడిద దులిపేవాడు. గీకగా గీకగా గిన్నె పలచబడింది. ఒకనాటి దెబ్బకు నిలువునా చీలింది. అతి శుభ్రం అలాగే ఉంటుంది మరి.

ఇక మిగిలింది ఒక్కటే. సభలో ఎవరూ చెయ్యి చాచలేదు. అప్పుడు తెర వెనకనుంచి రాజుగారి నాయనమ్మ లచ్చమాంబ కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"ఇలా తే."

"నాయనమ్మా, నువ్వా?" అన్నాడు రాజు.

"ఏం? పెళ్ళినాటి నుంచీ అడ్డపొగ తాగుతున్నాను. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకునే మనిషిని. నా నాలుక ఏనాడైనా కాలిందట్రా? మీ తాతగారు మాత్రం రెండుసార్లు గడ్డం కాల్చుకున్నారు."

ఆమె మొదటిరోజు గిన్నె అడుగున చిటికెడు పొగాకే వేసింది. మర్నాడు మరికాస్త. వేడి గంజి చప్పరించినట్టు కొద్దికొద్దిగా పీల్చేది. నడుమనడుమ గిన్నెను బుగ్గకు ఆనించి చూసేది. వేడనిపిస్తే పక్కన పెట్టేసేది. చల్లారాకే బూడిదను అరచేతిలోకి మెల్లగా ఒంపేది.

"నాయనమ్మా, లోపల మసి!" అన్నాడు రాజు.

"మసి కాదురా, చొక్కా. అది తొడుక్కుంటే నిప్పు చెక్కను కరవదు."

ఇంతలో రాజుగారి గోశాలలో ఒక లేగదూడ లేవలేక, కొనఊపిరితో తల వాల్చేసింది. రాజు గుండె చెరువైంది. పరుగున వచ్చి పొగగొట్టం లాక్కోబోయాడు. "ఇలా ఉఫ్ ఉఫ్ అంటూ కూర్చుంటే నా పశువులేమవ్వాలి? నిండా కూరి, గట్టిగా పీల్చి, కాలదని ఇవాళే దొరకు చూపించి వస్తా!"

అవ్వ ఆయన చేతి మీద ఫట్టున ఒక్కటిచ్చింది. రాజైతే ఏం, మనవడే కదా!

"నీ తొందరకు ఇది కూడా కాలితే దాన్నీ, మిగతా పశువుల్నీ ఎవడు కాస్తాడురా? ఏడుపొస్తే ఏడువు. నిప్పు జోలికి మాత్రం రాకు."

రాజు అక్కడే కూర్చుని నిజంగానే ఏడ్చాడు. చెయ్యి మాత్రం మళ్ళీ చాచలేదు.

అమావాస్య వచ్చింది. సింగన్న దొర వచ్చాడు. "నా ముందర నిండా కూరి తాగమ్మా" అన్నాడు. సభ ఊపిరి బిగబట్టింది. అవ్వ ఒక్కతే బిగబట్టలేదు, తాపీగా తాగింది. దొర గిన్నె మీద అరచెయ్యి పెట్టాడు. కోడి కింది గుడ్డులా వెచ్చగా ఉంది, అంతే. చల్లారాక బూడిద ఒంపి లోపలికి చూశాడు. నల్లటి గట్టి పొర, ఎక్కడా బీట లేదు.

దొర పొగగొట్టాన్ని కళ్ళకద్దుకుని అవ్వ కాళ్ళకు మొక్కాడు. "తల్లీ, కొండ నీది!"

కోటలో నగారాలు మోగాయి. అవ్వ మాత్రం కర్ర ఎత్తి అందరినీ ఆపింది. "కొండ మొదట్లో నీళ్ళబాన పెట్టించండి. చుట్ట అందులో వేసినవాడే పైకెక్కాలి. కాపలా నేనుంటాను."

అందరికన్నా ముందు రాజే వచ్చి తన చుట్ట బానలో పడేశాడు. సేనాపతి వేశాడు, మంత్రి వేశాడు, కాపరులంతా వేశారు. మెడగంటలు ఘల్లుఘల్లుమంటూ మందలు కొండెక్కాయి. తల వాల్చిన ఆ లేగదూడను రాజు తన భుజాల మీదే మోసుకెళ్ళి పచ్చికలో దింపాడు. అది మెల్లగా తలెత్తి ఒక పరక కొరికింది. జనం కేరింతలకు కొండ మారుమోగింది. వానలు పడి మందలు దిగివచ్చేదాకా ఆ అడవిలో ఒక్క ఆకూ కాలలేదు.

ఓపికతో కాచుకున్న నిప్పు అన్నం వండుతుంది, తొందరపడి ఊదిన నిప్పు ఇల్లు కాలుస్తుంది.